రోటాక్స్ 582 టూ-స్ట్రోక్ ఇంజిన్: అల్ట్రాలైట్ ఓనర్ సొంతంగా చూసుకోవాల్సిన పనులు, వరసగా

అల్ట్రాలైట్లలో, అంటే తేలికపాటి చిన్న విమానాల్లో, ఉండే 582 ఇంజిన్‌ను ఎలా చూసుకోవాలని అడిగేవాళ్లు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. చాలామంది మొదట అడిగేది ఒకటే: "అది గాల్లో ఉన్నట్టుండి ఆగిపోతుందట, నిజమేనా?" నిజమే. ఈ ఇంజిన్ చెప్పాపెట్టకుండా ఆగిపోవచ్చని, ఆగితే క్షేమంగా దిగే చోటు అందుబాటులో లేకుండా ఎగరొద్దని రోటాక్స్ మాన్యువలే హెచ్చరిస్తుంది. అయితే పట్టేసిన, అంటే పిస్టన్ సిలిండర్లో బిగుసుకుపోయిన ఇంజిన్లను విప్పి చూసినప్పుడు నాకు కనిపించింది వేరు. చాలావాటిలో లోపం ముందే మీటర్లోనో, ప్లగ్గు రంగులోనో, రబ్బరు చీలికలోనో కనిపిస్తూ ఉంది, చూసి రాసుకున్నవాళ్లే లేరు. ఆ చూడటం ఎలాగో, ఏ వరసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పేది బెంగళూరులో తయారైన ఎక్స్-ఎయిర్ లాంటి రెండు సీట్ల విమానం మీద ఉండే 582 గురించి. రెండు సిలిండర్లు, నీటితో చల్లబడే హెడ్, రెండు బింగ్ 54 కార్బురేటర్లు, పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోసే పద్ధతి. మీది గాలితో చల్లబడే 503 అయితే పనుల వరస ఇదే, టెంపరేచర్ అంకెలు మాత్రం వేరు, మీ మాన్యువల్ చూసుకోండి. వీటీ రిజిస్ట్రేషన్ (మన దేశపు విమానాల నంబరు) ఉన్న విమానమైతే ఏ పని మీరు చేయొచ్చో, ఏ పనికి అధికారం ఉన్న ఇంజినీర్ సంతకం కావాలో ముందే కనుక్కుని మొదలుపెట్టండి.

1. ముందు ఈ ఒక్క సంగతి ఒంటబట్టాలి

ఈ ఇంజిన్‌లో పిస్టన్‌కి, క్రాంక్ బేరింగులకి ఆయిల్ అందేది పెట్రోలు ద్వారానే. థ్రాటిల్ మూస్తే పెట్రోలు తగ్గుతుంది, దాంతోపాటే ఆయిలూ తగ్గుతుంది. పైగా లోపలికి వచ్చే పెట్రోలే పిస్టన్‌ని కొంత చల్లబరుస్తుంది కూడా. అందుకే పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే, అంటే మిశ్రమం లీన్ అయితే, వేడి పెరగడం, ఆయిల్ తగ్గడం రెండూ ఒకేసారి జరుగుతాయి. కింద చెప్పే జాగ్రత్తల్లో చాలావరకు దీని చుట్టూ తిరిగేవే.

2. దగ్గర ఉంచుకోవాల్సినవి

- రెండు సిలిండర్లకూ విడివిడిగా ఈజీటీ (ఎగ్జాస్ట్ పొగ వేడి), సీహెచ్‌టీ (సిలిండర్ హెడ్ వేడి) మీటర్లు, ఒక వాటర్ టెంపరేచర్ మీటర్. ఒక్క సిలిండర్‌కే ఈజీటీ ఉంటే రెండోది చీకట్లో ఉన్నట్టే.
- టార్క్ రెంచ్, ఫీలర్ గేజ్, లాక్ వైర్, చిన్న టార్చి, చిన్న అద్దం.
- గీతలున్న 100 మిల్లీలీటర్ల గాజు గొట్టం, మూతతో. పెట్రోలు పరీక్షకి.
- ఒక నోట్‌బుక్. ఫోన్‌లో రాస్తామంటారు కానీ చేతులకి ఆయిల్ ఉన్నప్పుడు ఫోన్ ఎవరూ ముట్టుకోరు.

ప్రతి ఫ్లైట్ తర్వాత నోట్‌బుక్‌లో ఇవి పడాలి: ఇంజిన్ గంటలు, పెట్రోలు ఎక్కడిది, నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో ఎంత ఆర్‌పీఎం వచ్చింది, లెవెల్‌గా ఎగిరేటప్పుడు ఒకే ఆర్‌పీఎం దగ్గర రెండు ఈజీటీలు, రెండు సీహెచ్‌టీలు, వాటర్ టెంపరేచర్. రెండు నిమిషాల పని.

3. పెట్రోలు, ఆయిల్

ఇప్పుడు మనకి అన్నిటికంటే పెద్ద తలనొప్పి ఇదే. 2025 నుంచి మన బంకుల్లో దొరికే మామూలు పెట్రోలు దాదాపు అంతా ఈ20, అంటే అయిదో వంతు ఇథనాల్. 582కి అది పనికిరాదు. ఇథనాల్ వల్ల మిశ్రమం లీన్ అవుతుంది, పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్‌లు మెత్తబడతాయి. ఇంకా పెద్ద ప్రమాదం తేమతో. ఇథనాల్ గాల్లోని తేమని లాక్కుంటుంది, నీళ్లు ఒక హద్దు దాటాయంటే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి. ఇంజిన్ పీల్చేది ఆ అడుగునుంచే, అందులో ఆయిల్ ఉండదు.

పరీక్ష ఇలా చేయండి, ఆయిల్ కలపక ముందే:

1. గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీళ్లు పోయండి.
2. పైన 90 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, మూత బిగించి బాగా ఊపండి.
3. పది నిమిషాలు కదపకుండా ఉంచండి.
4. అడుగున నీటి గీత 10 దగ్గరే ఉంటే ఇథనాల్ లేదు. పైకి జరిగితే ఉంది. ఈ20 అయితే 28 దరిదాపులకి వస్తుంది.

బంకులో "ఇది ఇథనాల్ లేనిదే సార్" అన్నా సరే, ప్రతి కొత్త క్యాన్‌కీ ఈ పరీక్ష చేయండి. విమానాశ్రయంలో అవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ అనే విమానాల పెట్రోలు దొరికితే ఇథనాల్ బెడద ఉండదు. కానీ అందులో సీసం ఉంటుంది, ప్లగ్గుల మీద, పిస్టన్ రింగుల గాడిలో పేరుకుంటుంది. అవ్‌గ్యాస్ వాడేవాళ్లు ప్లగ్గులు, రింగులు త్వరత్వరగా చూసుకోవాలి.

ఆయిల్ పాళ్లు 50కి 1. అంటే 10 లీటర్లకి 200 మిల్లీలీటర్లు, 20 లీటర్లకి 400. ఏపీఐ టీసీ అని రాసి ఉన్న మంచి 2టీ ఆయిల్ తీసుకోండి. పడవ ఇంజిన్లకి అమ్మే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ వద్దు, అది వేరే వేడికి చేసింది. ఒకసారి ఎంచుకున్న బ్రాండ్‌ని మాటిమాటికీ మార్చకండి.

కలిపే వరస: క్యాన్‌లో సగం పెట్రోలు, కొలిచిన ఆయిల్ మొత్తం, మూత పెట్టి ఊపడం, మిగతా పెట్రోలు, మళ్లీ ఊపడం. ఆపైన నీళ్లని ఆపే ఫిల్టర్ ఉన్న గరాటు గుండా ట్యాంకులోకి. కలిపిన క్యాన్ మీద తేదీ, పాళ్లు రాసి అంటించండి. రాయని క్యాన్‌లో ఆయిల్ కలిసిందో లేదో అని ఇద్దరు వాదించుకోవడం చూశాను, అలాంటి క్యాన్ కారులోకో బైకులోకో కూడా పోయకండి, పక్కన పెట్టేయండి. మూడు వారాలు దాటిన మిశ్రమం నేను వాడను.

"ఆయిల్ కొంచెం ఎక్కువ పోస్తే మంచిదే కదా" అని ఆర్‌ఎక్స్ 100 నడిపిన ప్రతివాళ్లూ అంటారు. ఆయిల్ ఎక్కువైతే ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం లీన్ వైపు జరుగుతుంది, కార్బన్ కూడా పెరుగుతుంది. చెప్పిన కొలతే పోయండి.

4. స్టార్ట్ చేసే ముందు

ఒక హెచ్చరిక. ఈ ఇంజిన్ ఇగ్నిషన్ ఆపేది వైరుని ఎర్త్ చేయడం ద్వారా. స్విచ్‌కి వెళ్లే ఆ వైరు తెగిందంటే మీరు స్విచ్ ఆఫ్ చేసినా ప్లగ్గులో నిప్పు వస్తూనే ఉంటుంది. కాబట్టి ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పే ప్రతిసారీ అది బతికే ఉందనుకుని తిప్పండి: చక్రాలకి అడ్డు, థ్రాటిల్ మూసి, ఎవరూ ముందు లేకుండా.

- ప్రొపెల్లర్‌ని మెల్లగా నాలుగైదు కంప్రెషన్లు తిప్పండి. రెండు సిలిండర్ల బిగువూ ఒకేలా ఉండాలి. ఒకటి మెత్తగా తగిలితే ఆరోజు ఎగరొద్దు.
- కూలెంట్ చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మూత తీయాలి.
- రోటరీ వాల్వ్ ఆయిల్ డబ్బా. దీన్ని చాలామంది మరిచిపోతారు. ఇంజిన్ మధ్యలో ఉన్న షాఫ్ట్‌కి ఆయిల్ ఇచ్చే చిన్న డబ్బా ఇది, ఇందులో ఆయిల్ తగ్గకూడదు. తగ్గుతుంటే లోపలి సీల్ పోతోందన్నమాట. తెల్లగా పాలలా మారితే కూలెంట్ చేరుతోంది. రెండిట్లో ఏదైనా సరే, నింపుకుని ఎగిరిపోయే విషయం కాదు.
- సైలెన్సర్ స్ప్రింగులన్నీ ఉన్నాయా, వాటి లాక్ వైరు తెగలేదా. వెనక ప్రొపెల్లర్ ఉన్న విమానంలో విరిగిన స్ప్రింగు నేరుగా బ్లేడు మీదకే పోతుంది.
- పెట్రోలు పైపులు, ప్రైమర్ బల్బు, క్రాంక్‌కేస్ నుంచి పంపుకి వెళ్లే పల్స్ పైపు. ఈ పల్స్ పైపు మెత్తబడితే పంపు కొట్టే బలం తగ్గుతుంది, నేల మీద బాగానే ఉండి ఎక్కేటప్పుడు పెట్రోలు చాలక మొరాయిస్తుంది.
- ట్యాంకు అడుగునుంచి కాస్త పెట్రోలు తీసి వెలుతురులో నీళ్ల బొట్ల కోసం చూడండి.

5. వార్మప్

పిస్టన్ అల్యూమినియం, వేడెక్కగానే త్వరగా ఉబ్బుతుంది. సిలిండర్ చుట్టూ చల్లని నీళ్లు ఉంటాయి కాబట్టి అది నిదానంగా ఉబ్బుతుంది. తొందరపడి ఫుల్ థ్రాటిల్ ఇస్తే పిస్టన్ నాలుగు మూలలా పట్టేస్తుంది. విప్పి చూస్తే నాలుగు చోట్ల నిలువు గీతలు, చూడగానే తెలిసిపోతుంది.

1. స్టార్ట్ అయ్యాక సుమారు 2,000 ఆర్‌పీఎం దగ్గర రెండు నిమిషాలు. అంతకన్నా కింద పెడితే గేర్‌బాక్స్ గడగడలాడుతుంది.
2. తర్వాత 2,500 దగ్గర, వాటర్ టెంపరేచర్ 65 డిగ్రీలు దాటేదాకా.
3. 3,500 దగ్గర, రెండు ఇగ్నిషన్లలో ఒక్కోదాన్ని ఆపి చూడండి. తగ్గుదల 300 ఆర్‌పీఎం మించకూడదు. అసలు తగ్గకపోయినా అనుమానించండి, ఆ స్విచ్ వైరు తెగి ఉండొచ్చు.
4. కాసేపు ఫుల్ థ్రాటిల్. మామూలుగా మీకు వచ్చే ఆర్‌పీఎం నోట్‌బుక్‌లో ఉంది కదా, దానికి 150 తగ్గినా ఎందుకో తెలిసేదాకా ఆగిపోండి.

థర్మోస్టాట్ ఉన్న ఇంజిన్లో ఇంకో చిక్కుంది. హెడ్‌లో నీళ్లు వేడెక్కుతాయి, రేడియేటర్‌లో నీళ్లు చల్లగానే ఉంటాయి. అప్పుడే పవర్ ఇస్తే థర్మోస్టాట్ తెరుచుకుని చల్లటి నీళ్లు ఒక్కసారిగా సిలిండర్ చుట్టూ చేరతాయి. చలికాలం పొద్దున్నే రేడియేటర్‌ని చేత్తో తాకి, అది వెచ్చబడ్డాకే రన్‌వే ఎక్కండి.

6. గాల్లో మీటర్లు, ప్రొపెల్లర్ పిచ్

582కి గుర్తుంచుకోవాల్సిన అంకెలు:

- వాటర్: 65 నుంచి 80 డిగ్రీలు
- సీహెచ్‌టీ: మామూలుగా 110 నుంచి 130, గరిష్ఠం 150
- ఈజీటీ: మామూలుగా 500 నుంచి 620, గరిష్ఠం 650, రెండు సిలిండర్ల తేడా 25 లోపు
- ఆర్‌పీఎం: గరిష్ఠం 6,800

ఈజీటీ పెరిగిందని వెంటనే జెట్ (కార్బురేటర్‌లో పెట్రోలు కొలతగా వదిలే చిన్న రంధ్రపు ముక్క) మార్చేవాళ్లున్నారు. ముందు ప్రొపెల్లర్ పిచ్, అంటే బ్లేడు వాలు, చూడండి. పిచ్ తక్కువైతే ఇంజిన్ మీద బరువు ఉండదు, అదే ఆర్‌పీఎంకి తక్కువ థ్రాటిల్ సరిపోతుంది, కార్బురేటర్‌లో థ్రాటిల్‌తో పాటు లేచి పెట్రోలు దారి తెరిచే సూది, నీడిల్, కిందికే ఉండిపోతుంది, మధ్య రేంజ్‌లో లీన్ అవుతుంది. నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో 6,200 నుంచి 6,500 మధ్య వచ్చేలా పిచ్ పెట్టుకుని, ఆ తర్వాతే జెట్ల సంగతి చూడండి.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 3,000 అడుగుల పైన ఉంది. అక్కడి పల్చటి గాలికి సరిగ్గా సెట్ చేసిన కార్బురేటర్‌ని ట్రాలీ మీద విశాఖ తీరానికో పుదుచ్చేరికో తీసుకొచ్చి ఎగిరితే, చిక్కటి గాలి వల్ల మిశ్రమం లీన్ అవుతుంది. కింది ఊరికి దిగినప్పుడు, చలికాలం మొదలైనప్పుడు మెయిన్ జెట్ మరోసారి చూసుకోవాలి.

7. దిగేటప్పుడే ఎక్కువ పాడవుతుంది

ఇది నమ్మడానికి కొత్తవాళ్లకి కష్టంగా ఉంటుంది. ముక్కు దించి, థ్రాటిల్ సగానికి తగ్గించి వేగంగా దిగుతుంటే గాలే ప్రొపెల్లర్‌ని తిప్పుతుంది. ఆర్‌పీఎం ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఆ సమయంలో ఈజీటీ మీటర్ చూడండి, పవర్ తగ్గించినా అది పైకి పోతుంది.

చేయాల్సింది: థ్రాటిల్ అంచెలంచెలుగా తగ్గించండి, వేగం పెరగకుండా దిగండి, ఈజీటీ ఎక్కుతుంటే థ్రాటిల్ ఇంకాస్త మూయండి లేదా ముక్కు ఎత్తి ఇంజిన్ మీద బరువు పెట్టండి. చాలాసేపు పూర్తిగా మూసి దిగాల్సి వస్తే మధ్యమధ్యలో మెల్లగా కాస్త తెరిచి మూస్తూ ఉండండి, ఆయిల్ అందుతుంది. అయిదు నిమిషాలు గ్లైడ్ చేసి చివర్లో దిగడం మానేసి మళ్లీ పైకి, గో-అరౌండ్, అంటూ ఒక్కసారి ఫుల్ ఇవ్వడం, చల్లబడ్డ ఇంజిన్‌కి మళ్లీ ఆ నాలుగు మూలల గీతల్ని తెచ్చిపెట్టేదే.

థ్రాటిల్ ముట్టుకోకుండానే ఆర్‌పీఎం జారుతోందంటే పిస్టన్ పట్టడం మొదలైందేమోనని అనుకోవాలి. కారణం వెతకడం తర్వాత, దిగే పొలం చూసుకోవడం ముందు.

8. ప్లగ్గులు

25 గంటలకోసారి కొత్తవి వేస్తాను. నాలుగు ప్లగ్గులు, ఖర్చు గురించి ఆలోచించాల్సిన పని లేదు. బ్లూ హెడ్ (నీలి రంగు హెడ్ ఉన్న) 582కి ఎన్‌జీకే బీఆర్8ఈఎస్, గ్యాప్ 0.5 మిల్లీమీటర్లు, చల్లని ఇంజిన్లో 27 న్యూటన్ మీటర్ల టార్క్. తీసిన ప్లగ్గుల్ని ఏది ఏ సిలిండర్‌దో తెలిసేలా వరసగా పేర్చి పగటి వెలుగులో చూడండి:

- పాలు తక్కువ పోసిన టీ రంగు: బాగుంది.
- నల్లగా, తడిగా: రిచ్‌గా ఉంది, అంటే పెట్రోలు ఎక్కువైంది, లేదా చాలాసేపు ఐడిల్‌లో నడిచింది.
- సున్నం కొట్టినట్టు తెల్లగా: లీన్. ఎగరొద్దు.
- పింగాణీ మీద మెరిసే సన్న చుక్కలు: అవి పిస్టన్ అల్యూమినియం కరిగి అంటినవి. హెడ్ విప్పాల్సిందే.

9. కార్బురేటర్లు, రబ్బరు సాకెట్లు

జెట్లలో ఏది ఎప్పుడు పనిచేస్తుందో తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. థ్రాటిల్ మొదటి పావు వంతు ఐడిల్ జెట్‌ది, పావు నుంచి ముప్పావు దాకా నీడిల్, నీడిల్ జెట్‌లవి, ఆపైన మెయిన్ జెట్‌ది. మధ్యలో ఈజీటీ ఎక్కువుందని మెయిన్ జెట్ మారిస్తే ఏమీ మారదు. నీడిల్ క్లిప్పు గాడి అరిగితే నీడిల్ కిందికి జారిపోతుంది, అందుకే 50 గంటలకోసారి క్లిప్పు తీసి గోటితో గాడి తడిమి చూడండి.

రెండు కార్బురేటర్ల స్లైడులు ఒకేసారి లేవాలి. ఎయిర్ ఫిల్టర్లు తీసి, ఒక్కో దాంట్లో వేలు పెట్టి, ఇంకొకరిని థ్రాటిల్ మెల్లగా తెరవమనండి. రెండు వేళ్లకీ కదలిక ఒకే క్షణంలో తగలాలి. తర్వాత ఫుల్‌లో రెండూ పూర్తిగా లేచాయా చూడండి.

ఇక కార్బురేటర్‌ని ఇంజిన్‌కి కలిపే రబ్బరు సాకెట్ల గురించి. ఒకసారి నా ఇంజిన్లో గేర్‌బాక్స్ వైపు సిలిండర్ ఈజీటీ పక్కదానికన్నా 10 డిగ్రీలు ఎక్కువ చూపించింది. రెండో ఫ్లైట్‌కి 15, వారం తర్వాత 30. మీటర్ వైర్లు అటుదిటు మార్చి చూశాను, తేడా ఆ సిలిండర్‌తోనే ఉండిపోయింది, అంటే మీటర్ తప్పు కాదు. పైనుంచి చూస్తే సాకెట్ కొత్తదానిలా ఉంది. హ్యాంగర్‌లో పనిచేసే మెకానిక్ "విప్పి వంచి చూడండి సార్, కింది వైపు" అన్నాడు. బొటనవేళ్లతో వంచితే అడుగున వెంట్రుకంత చీలిక నోరు తెరిచింది. ఆ సందులోంచి గాలి లోపలికి పోతోంది, ఆ సిలిండర్ ప్లగ్గు అప్పటికే తెల్లబడుతోంది. ఇంకో పది గంటలు ఎగిరుంటే పిస్టన్‌కి బొక్క పడేది. అప్పట్నుంచి 50 గంటలకోసారి సాకెట్లు విప్పి, వంచి, కింది వైపు అద్దంతో చూస్తున్నాను.

సాకెట్ బాగుండీ ఒక సిలిండర్ లీన్‌గానే ఉంటే క్రాంక్ సీల్ అనుమానించాలి. అన్ని ద్వారాలూ మూసి సుమారు 0.4 బార్ గాలి నింపి, సబ్బు నీళ్లు రాసి, నిలుస్తోందా చూడటమే దానికి పరీక్ష.

10. గంటల లెక్కన పనులు

25 గంటలు: ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్, బోల్టుల బిగువు, సైలెన్సర్ బాల్ జాయింట్లకి వేడి తట్టుకునే యాంటీ-సీజ్ పేస్టు.

50 గంటలు: పైన చెప్పిన కార్బురేటర్ పనులు, రింగుల పరీక్ష. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విప్పి, రింగులు ఆ కంతలో కనిపించేదాకా ప్రొపెల్లర్ తిప్పి, ఐస్‌క్రీమ్ పుల్లతో మెల్లగా నొక్కండి. రింగు లోపలికి పోయి స్ప్రింగులా తిరిగి రావాలి. రాకపోతే కార్బన్‌తో అంటుకుపోయింది. పిస్టన్ మీద నిలువు గీతలు, రింగుల కింద నల్ల మరకలు ఉన్నాయా కూడా అప్పుడే చూడండి.

రింగు అంటుకుంటే హెడ్, సిలిండర్లు తీసి కార్బన్ గీకాలి. అందులో జరిగే తప్పులు:

- స్క్రూడ్రైవర్‌తో గీకడం. చెక్క ముక్క, ప్లాస్టిక్ పలక వాడండి. గాడికి పాత రింగు విరిచిన ముక్క.
- క్రాంక్‌కేస్ నోటికి గుడ్డ కుక్కకపోవడం. పిస్టన్ పిన్నుని పట్టి ఉంచే సర్‌క్లిప్పు లోపల పడితే ఇంజిన్ మొత్తం విప్పాలి.
- పాత సర్‌క్లిప్పు, పాత గాస్కెట్ మళ్లీ వేయడం.
- పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్ట్ వైపు ఉందో లేదో చూడకపోవడం.
- మానిఫోల్డ్ తగిలించి రెండు సిలిండర్లనీ ఒక వరసలో పెట్టకుండానే నట్లు బిగించేయడం. తర్వాత మానిఫోల్డ్ కూర్చోదు, పొగ లీకవుతుంది.

కొత్త పిస్టన్ వేస్తే విమానం కదలకుండా తోక కట్టేసి, మాన్యువల్‌లో నిమిషాల వారీగా ఉన్న రన్-ఇన్ పట్టిక ప్రకారం నేల మీద సుమారు గంట నడపాలి. ఓపిక లేక కుదించకండి.

100 గంటలు: గేర్‌బాక్స్ ఆయిల్ మార్చండి, మాగ్నెట్ ప్లగ్గు చూడండి. నూరిన పొడి లాంటిది మామూలే, రేకుల్లా ఉంటే గేరు పోతోంది. పంపు డయాఫ్రమ్ కిట్, పల్స్ పైపు కూడా ఇప్పుడే.

300 గంటలు లేదా 5 ఏళ్లు, ఏది ముందైతే అది: ఓవర్‌హాల్. "నాది 90 గంటలే తిరిగింది" అని ఆరేడేళ్లు లాగేవాళ్లకి చెప్తున్నాను, నిలిపి ఉంచిన ఇంజిన్‌ని క్రాంక్ బేరింగుల తుప్పు తింటుంది, అది మీటర్లో కనిపించదు.

11. వానాకాలం నిల్వ

రెండు మూడు వారాలు ఎగరట్లేదంటే:

1. ఇంజిన్ వేడెక్కే దాకా నడపండి.
2. ఎయిర్ ఫిల్టర్లు తీసి, ఐడిల్‌లో ఉండగా రెండు కార్బురేటర్లలోకీ తుప్పు ఆపే ఆయిల్ స్ప్రే చేసి, పొగ దట్టంగా రాగానే ఆపేయండి.
3. కార్బురేటర్ల అడుగున పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలు ఖాళీ చేయండి.
4. కార్బురేటర్ నోళ్లు, సైలెన్సర్ చివర గుడ్డతో మూసి, బయటికి కనిపించేలా ఎర్ర రిబ్బన్లు కట్టండి.
5. ప్రొపెల్లర్‌కి "తిప్పకండి" అని చీటీ కట్టండి. వచ్చిన ప్రతివాళ్లూ సరదాగా ఒకసారి తిప్పితే పూసిన ఆయిల్ తుడిచిపెట్టుకుపోతుంది.

మళ్లీ తీసేటప్పుడు పాత పెట్రోలు పూర్తిగా పారబోసి, కొత్త ప్లగ్గులు వేసి, గిన్నెలు కడిగి, నేల మీద పదిహేను నిమిషాలు నడిపి, చల్లారాక ప్లగ్గులు తీసి చూసి, అప్పుడు రన్‌వే మీదకి.

12. ఇంట్లో ఉంచుకోవాల్సిన విడిభాగాలు

కొత్త 582 ఇంజిన్ల తయారీ ఆగిపోయింది కాబట్టి భాగాలు కావాల్సిన రోజున వెతుక్కోవడం కుదరదు. నా పెట్టెలో ఎప్పుడూ ఉండేవి: ప్లగ్గులు ఎనిమిది, కార్బురేటర్ సాకెట్లు రెండు, నీడిల్ క్లిప్పులు, పంపు డయాఫ్రమ్ కిట్, పైనున్న, కిందున్న సైజుల మెయిన్ జెట్లు, సైలెన్సర్ స్ప్రింగులు నాలుగు, టాప్-ఎండ్ గాస్కెట్, ఓ-రింగ్ సెట్టు ఒకటి, పిస్టన్ రింగులు రెండు సిలిండర్లకి. రబ్బరు భాగాల కవరు మీద కొన్న నెల రాసి, ఎండ తగలని చోట పెట్టండి. పెట్టెలో అయిదేళ్లు పడి ఉన్న సాకెట్ బిగించే ముందు దాన్ని కూడా ఒకసారి వంచి చూడండి.